ఆగిన చోటును వెతకడం నేర్పిన మొగల్లు బిడ్డ: ఏ.ఎస్. రావు గారి జీవితం

సింధనూరు, మాన్వి, సిరవార క్యాంపుల నుంచి హైదరాబాద్ వెళ్లే మన వాళ్లలో చాలామంది ఈసీఐఎల్ చౌరస్తా చూసే ఉంటారు. పక్కనే ఏ.ఎస్. రావు నగర్. మన పిల్లలు కొందరు అక్కడే గదులు అద్దెకు తీసుకుని కోచింగులకు, ఉద్యోగాలకు తిరుగుతున్నారు. బస్సు బోర్డు మీద, దుకాణాల మీద రోజూ ఆ పేరు చదువుతారు. ఆయన ఎవరని అడిగితే మాత్రం జవాబు చెప్పేవాళ్లు తక్కువ. ఎవరో రాజకీయ నాయకుడు అయి ఉంటాడనుకునే వాళ్లూ ఉన్నారు.

ఆయన నాయకుడు కాదు. మనలో చాలా కుటుంబాలు ఏ జిల్లా నుంచి తుంగభద్ర ఎడమ కాలువ కిందికి వచ్చి స్థిరపడ్డాయో, ఆ పశ్చిమ గోదావరి జిల్లాలోనే పుట్టిన శాస్త్రవేత్త. మన దేశంలోనే రూపకల్పన జరిగి, ఇక్కడే తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్ల వెనుక నిలబడిన మనిషి. ఇప్పుడు మన ఇళ్లలోకి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. అది పని చేయనప్పుడు ఏం చేయాలో తెలియక పిల్లలు తల పట్టుకుంటున్నారు. ఈ సమయంలో ఆయన కథ చెప్పుకోవడం అవసరమని మాకు అనిపించింది.

మొగల్లు నుంచి కాశీకి

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో మొగల్లు గ్రామంలో పుట్టారు. భీమవరం దగ్గరి ఊరు. అల్లూరి సీతారామరాజు గారి పూర్వీకుల ఊరు కూడా అదే. ఆ రోజుల్లో గోదావరి జిల్లాల నుంచి పై చదువులకు వెళ్లాలంటే మద్రాసు దారి పట్టేవాళ్లు ఎక్కువ. రావు గారు మాత్రం ఉత్తరాదికి, కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడే ఎమ్మెస్సీ చదివి, అక్కడే కొన్నేళ్లు పాఠాలు చెప్పారు.

1940ల్లో అమెరికా వెళ్లి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ చేశారు. రేడియో, రాడార్ విద్యలు యుద్ధం పుణ్యమా అని ఒక్కసారిగా పెరిగిపోయిన కాలం అది. ఆ చదువుతో అక్కడే ఉండిపోయే దారి ఉన్నా ఆయన తిరిగి వచ్చారు. బొంబాయిలో హోమీ భాభా నడుపుతున్న టాటా పరిశోధన సంస్థలో చేరారు.

పరికరం మనదైతే మరమ్మతూ మనదే

అప్పుడు ఆ సంస్థకు ఉన్న చిక్కు మన రైతులకు బాగా తెలిసిన చిక్కే. బయటి నుంచి తెచ్చిన మోటారు కోత సమయంలో ఆగిపోతే దాని విడిభాగం మన ఊళ్లో దొరకదు, బాగుచేసే మనిషీ దొరకడు. పంట మాత్రం ఎవరి కోసమూ ఆగదు. పరిశోధనలోనూ అంతే. రేడియేషన్ కొలిచే పరికరాలు, కౌంటర్లు విదేశాల నుంచి రావాలి. వాటికి విదేశీ మారకద్రవ్యం కావాలి. వచ్చాక చెడిపోతే, లోపల ఏముందో తెలిసినవాడు సముద్రం అవతల ఉంటాడు.

అందుకని కావలసిన పరికరాలను ఇక్కడే తయారు చేసుకోవాలని భాభా నిర్ణయించారు. ఆ పని చేసే ఎలక్ట్రానిక్స్ బృందాన్ని నడిపే బాధ్యత రావు గారిది. ఒక చిన్న గదిలో మొదలయ్యే పని లాంటిదే అది. కానీ దానివల్ల జరిగిన మేలు పెద్దది. ఒక పరికరాన్ని మొదటి నుంచి మనమే కట్టినప్పుడు, ఏ తీగ ఎక్కడికి పోతుందో, ఏ భాగం తరువాత ఏ భాగం పని చేయాలో మనకు తెలిసిపోతుంది. చెడినప్పుడు వెతకాల్సిన చోటు కూడా తెలుస్తుంది.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర అణు రియాక్టర్ పని మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. దానిని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ నియంత్రణ పరికరాలను మాత్రం రావు గారి బృందమే తయారు చేసింది. రియాక్టర్ అదుపు అంటే చిన్న విషయం కాదు. తప్పు ఎక్కడ జరిగిందో ఆ క్షణంలోనే తెలియాలి, వెంటనే ఆపగలగాలి. ఇంకో మూడు నెలలకు, నవంబరు 1న, మన రాయచూరు హైదరాబాదు రాష్ట్రం నుంచి విడిపోయి మైసూరు రాష్ట్రంలో కలిసింది. మన పెద్దలు కొత్త రాష్ట్రంలో కాగితాలు మార్చుకుంటున్న రోజుల్లో, మన జిల్లా మనిషి ఒకాయన దేశానికి ఆ పని చేసి పెట్టారు.

1960లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 1965లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ వచ్చాయి.

హైదరాబాద్‌కు వచ్చిన కార్ఖానా

1962లో చైనాతో యుద్ధం తరువాత, ఎలక్ట్రానిక్స్‌లో దేశం ఎంత వెనుకబడి ఉందో ప్రభుత్వానికి అర్థమైంది. మరుసటి ఏడాది భాభా అధ్యక్షతన ఎలక్ట్రానిక్స్ కమిటీ వేశారు. అందులో విక్రమ్ సారాభాయ్‌తో పాటు ఇద్దరు తెలుగువాళ్లు ఉన్నారు. ఒకరు సూరి భగవంతం గారు, రెండోవారు రావు గారు. ఆ కమిటీ నివేదిక 1966లో వచ్చింది. అదే ఏడాది జనవరిలో భాభా విమాన ప్రమాదంలో పోయారు. అనుకున్న పనిని ముందుకు తీసుకుపోవడం మిగిలినవాళ్ల మీద పడింది.

1967 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, మొదలైంది. దాన్ని నిలబెట్టింది రావు గారు. అణు విద్యుత్ కేంద్రాలకు నియంత్రణ పరికరాలు, ఆస్పత్రులకూ ప్రయోగశాలలకూ సాధనాలు, తరువాత ఇళ్లకు టీవీలు, ఇలా ఆ కార్ఖానా చేయని పని లేదు. ఈసీ టీవీ పేరు మన పాత ఇళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెక్క పెట్టెలో ఉండే ఆ నలుపు తెలుపు టీవీ ముందు వీధి వీధంతా కూర్చున్న రోజులు మన పెద్దలు మరిచిపోలేదు.

అన్నిటికంటే సాహసమైన పని కంప్యూటర్. ట్రాంబేలో మొదలై ఈసీఐఎల్ చేతికి వచ్చిన టీడీసీ-12 యంత్రం 1969లో పనిలోకి దిగింది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 12 అంటే ఒక్కో పదంలో 12 బిట్లు. 12 బిట్లతో నేరుగా లెక్కపెట్టగలిగే గదులు 4,096. ఇవాళ మన వాట్సాప్‌లో వచ్చే ఒక శుభోదయం బొమ్మ కూడా అన్ని గదుల్లో పట్టదు. ఆ తరువాత టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి. 1970ల్లో మన విశ్వవిద్యాలయాల్లో, పరిశోధన సంస్థల్లో ఎందరో యువకులు కంప్యూటర్‌ను మొదటిసారి తాకింది ఈ యంత్రాల మీదే.

అప్పట్లో ఒక ప్రోగ్రాం ఎలా నడిచేది

ఇక్కడ కాస్త ఆగి, ఆ కాలపు చిన్న కంప్యూటర్లలో ఒక ప్రోగ్రాం నడవాలంటే ఏమేం జరగాలో చెప్పుకుందాం. ఇవాళ మన పిల్లలు కమాండ్ లైన్ ముందు పడే తిప్పలకు సమాధానం అందులోనే ఉంది.

ప్రోగ్రాం కాగితపు పట్టీ మీద చిల్లుల రూపంలో ఉండేది. యంత్రానికి కరెంటు ఇచ్చినా దానికి ఏమీ తెలియదు. పట్టీని ఎలా చదవాలో చెప్పే కొన్ని ఆజ్ఞలను ముందు పలక మీది మీటలతో ఒక్కొక్కటిగా చేత్తో ఎక్కించాలి. ఆ ఆజ్ఞలు పట్టీని చదివి అసలు ప్రోగ్రాంను లోపలికి తెస్తాయి. అప్పుడు ఏ గది నుంచి మొదలుపెట్టాలో చెప్పి నడిపించాలి. ఫలితం టెలిటైపు మీద, అంటే తీగకు కట్టిన టైపు మిషను మీద, టకటకా పడుతుంది.

ఏమీ పడలేదనుకోండి. అనుభవం ఉన్న మనిషి ప్రోగ్రాంను తిట్టడు. మొదటి నుంచి వరసగా చూస్తాడు. మీటలు సరిగా ఎక్కించామా? పట్టీ సరైన చివర నుంచే పెట్టామా? చదివే యంత్రం పట్టీని లాగుతోందా? మొదలుపెట్టిన గది సంఖ్య సరైనదేనా? ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాకే ప్రోగ్రాంలో తప్పు వెతుకుతాడు. ఒక్కో మెట్టు దాటించుకుంటూ, ఎక్కడిదాకా బాగుంది, ఎక్కడి నుంచి ఆగింది అని గుర్తు పెట్టుకుంటాడు. ఒకేసారి నాలుగు మార్పులు చేయడు. చేస్తే ఏ మార్పు వల్ల బాగుపడిందో తెలియదు కదా.

ఇవాళ మన ఇంట్లో అదే వరస

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మాన్విలో ఒక మిల్లు యజమాని కొడుకు రోజూ వచ్చే ధాన్యం బస్తాల లెక్క కూడడానికి పైథాన్‌లో ఒక చిన్న స్క్రిప్టు రాశాడనుకుందాం. స్క్రిప్టు అంటే కంప్యూటర్ ఒకదాని తరువాత ఒకటి చేయాల్సిన ఆజ్ఞల పట్టీ. నల్ల తెర తెరిచి, దాని పేరు టైపు చేసి ఎంటర్ కొడతాడు. నడవదు. మన పిల్లలు చాలామంది ఇక్కడే స్క్రిప్టును చెరిపి మళ్లీ రాస్తారు, లేదా కంప్యూటర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయిస్తారు. రావు గారి తరం వాళ్లయితే మెట్లు లెక్కపెట్టేవాళ్లు.

మొదటి మెట్టు: ఆ ఆజ్ఞ పేరు కంప్యూటర్‌కు తెలుసా? మనం ఒక పేరు టైపు చేస్తే కంప్యూటర్ ప్రపంచమంతా వెతకదు. పాత్ అనే జాబితాలో ఉన్న ఫోల్డర్లలోనే వెతుకుతుంది. పైథాన్ ఇన్‌స్టాల్ చేసినా ఆ జాబితాలో చేరకపోతే, అలాంటి ఆజ్ఞ లేదు అంటుంది. లినక్స్‌లో అయితే ఇలాంటప్పుడు వెనక్కి వచ్చే ముగింపు సంఖ్య 127. పేరులో అక్షరం తప్పినా ఇదే జవాబు.

రెండో మెట్టు: మనం ఎక్కడ నిలబడి ఉన్నాం? నల్ల తెర ఎప్పుడూ ఏదో ఒక ఫోల్డర్‌లో నిలబడి ఉంటుంది. స్క్రిప్టు ఇంకో ఫోల్డర్‌లో ఉంటే దానికి కనపడదు. పక్క వీధిలో నిలబడి మన ఇంటి తలుపు కొట్టినట్టు ఉంటుంది వ్యవహారం. లినక్స్‌లోనూ విండోస్ పవర్‌షెల్‌లోనూ ఇంకో సంగతి ఉంది. స్క్రిప్టు కాళ్ల దగ్గరే ఉన్నా, పేరు మాత్రం రాస్తే నడపదు. ముందు ఒక చుక్క, ఒక ఏటవాలు గీత పెట్టి, ఇక్కడున్నదే అని చెప్పాలి. ఎవరో దొంగ ఫైలును మామూలు ఆజ్ఞ పేరుతో మన ఫోల్డర్‌లో పెడితే అది పొరపాటున నడవకుండా ఉండడానికే ఈ కట్టుబాటు.

మూడో మెట్టు: అనుమతి ఉందా? లినక్స్‌లో ఫైలు ఉంటే చాలదు, దాన్ని నడపవచ్చు అనే గుర్తు కూడా ఉండాలి. లేకపోతే వచ్చే సంఖ్య 126. ఈ రెండు సంఖ్యలను గుర్తుంచుకుంటే సగం పని అయినట్టే. 127 అంటే దొరకలేదు, 126 అంటే దొరికింది కానీ నడపలేకపోయాను. విండోస్ పవర్‌షెల్ అయితే మామూలు ఇంటి కంప్యూటర్‌లో స్క్రిప్టులను మొదట అసలు నడపనివ్వదు. మన వరకు మన ఖాతాకు మాత్రమే, మనం రాసిన వాటికి అనుమతి ఇచ్చుకుంటే చాలు. తాళం మొత్తం తీసి పారేయమని ఎవరైనా చెబితే వినకూడదు. ఫోను చేసి ఈ ఆజ్ఞ టైపు చేయండి అని చెప్పే మోసగాళ్లు కావాల్సింది ఆ తీసిన తాళమే.

నాలుగో మెట్టు: దీన్ని చదివేది ఎవరు? స్క్రిప్టు తనంతట తాను నడవదు, దాన్ని చదివి చేసేవాడు ఒకడు కావాలి. లినక్స్‌లో స్క్రిప్టు మొదటి వరసలోనే ఆ చదివేవాడి చిరునామా ఉంటుంది. ఒకే కంప్యూటర్‌లో రెండు పైథాన్‌లు ఉండడం మామూలు. లైబ్రరీ ఒకదానిలో వేసి, స్క్రిప్టు ఇంకోదానితో నడిపితే లైబ్రరీ లేదనే అంటుంది. అది అబద్ధం కాదు, ఆ రెండోదాని దగ్గర నిజంగానే లేదు.

ఐదో మెట్టు: కంటికి కనపడని అక్షరాలు. ఇది రావు గారి కాలం నుంచి మనకు వచ్చిన ఆస్తి. టెలిటైపులో ఒక వరస అయిపోతే రెండు పనులు జరగాలి. అచ్చు కొట్టే బండి ఎడమ అంచుకు వెనక్కి రావాలి, కాగితం ఒక వరస పైకి జరగాలి. దేనికి దానికి విడిగా ఒక సంకేతం ఉండేది. టెలిటైపులు పాత సామాను కింద పోయాయి కానీ ఆ సంకేతాలు పోలేదు. విండోస్ ఈనాటికీ వరస చివర రెండూ పెడుతుంది, లినక్స్ ఒకటే పెడుతుంది. విండోస్‌లో రాసిన స్క్రిప్టును లినక్స్‌కు తీసుకుపోతే, చదివేవాడి చిరునామా చివర ఆ బండి వెనక్కి రావాలనే సంకేతం అంటుకుని ఉంటుంది. అలాంటి పేరుగలవాడు ఎవడూ లేడు కాబట్టి, ఫైలు లేదు అని జవాబు వస్తుంది. ఫైలు మాత్రం కళ్లెదుటే ఉంటుంది! ఎడిటర్‌లో వరస ముగింపును మార్చి సేవ్ చేస్తే చాలు. వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో ఎత్తి అతికించిన వంకర కొటేషన్ గుర్తులు కూడా ఇలాంటి తంటాలే తెస్తాయి.

ఆరో మెట్టుకు వచ్చాకే స్క్రిప్టు లోపలి లెక్క చూడాలి. బస్తాల ఫైలు పేరులో ఖాళీ ఉంటే దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి. లేకపోతే ఒక పేరు రెండు పేర్లుగా విడిపోతుంది. రైతుల పేర్లు తెలుగులోనో కన్నడలోనో ఉంటే, ఫైలును యూటీఎఫ్-8లో చదవమని స్పష్టంగా చెప్పాలి. పగలు బాగా నడిచి, రాత్రి పదింటికి దానంతట అది నడవమంటే ఆగిపోయే స్క్రిప్టులూ ఉంటాయి. అప్పుడు కంప్యూటర్ వేరే ఫోల్డర్‌లో నిలబడి, వేరే పాత్ జాబితాతో నడుపుతుంది కాబట్టి, అన్నిటికీ పూర్తి చిరునామాలు రాస్తే సరిపోతుంది.

గెలిచిందీ ఓడిందీ

మళ్లీ రావు గారి దగ్గరికి వద్దాం. ఆయన కట్టిన కంప్యూటర్లు ప్రపంచాన్ని గెలిచాయని మేము చెప్పం. అమెరికాలో చిప్పులు ఏడాదికేడాది చిన్నవై, చవకై పోతుంటే, ఇక్కడ ఒక్కో విడిభాగానికి లైసెన్సు కావాల్సి వచ్చేది. 1978లో ఐబీఎం దేశం విడిచి వెళ్లాక కొంత మార్కెట్ దొరికినా, 1980ల్లో దిగుమతులు సులువయ్యాక టీడీసీలు వెనుకబడి మ్యూజియం సామాను అయ్యాయి. ఇవాళ మన చేతుల్లో ఉన్న కంప్యూటర్ ఏదీ ఆ వంశానికి చెందినది కాదు.

మరి మిగిలిందేమిటి? మనుషులు మిగిలారు. యంత్రాన్ని విప్పి చూసి, కట్టి, బాగుచేయడం నేర్చుకున్న ఒక తరం ఇంజినీర్లు హైదరాబాద్‌లో తయారయ్యారు. ఈసీఐఎల్ చుట్టుపక్కల చిన్న ఎలక్ట్రానిక్స్ కార్ఖానాలు లేచాయి. ఆ తరువాత వచ్చిన సాఫ్ట్‌వేర్ కాలానికి ఆ నేల ముందే దున్ని ఉంది.

ఇంకొకటి కూడా మిగిలింది. 1982లో కేరళలోని పరవూరు ఎన్నికలో మొదటిసారి ఓటింగ్ యంత్రాలు వాడారు. 2003లో రావు గారు కన్నుమూశారు. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికలు దేశమంతా ఆ యంత్రాల మీదే జరిగాయి. ఇప్పుడు వాటిని తయారు చేసేవి రెండే సంస్థలు. ఒకటి బెంగళూరు బీఈఎల్, రెండోది హైదరాబాద్ ఈసీఐఎల్. ఒకటి మన రాష్ట్ర రాజధానిలో, ఇంకోటి మన భాష రాజధానిలో. ఆ రెండింటికీ నడుమ ఉన్న రాయచూరులో మనం ఓటేస్తున్నాం.

మన ఇళ్లకు సంబంధించిన మాట

2019లో రాయచూరుకు ఐఐఐటీ వచ్చింది. మొదట్లో దానికి దారి చూపింది హైదరాబాద్ ఐఐటీ. మన జిల్లా పిల్లలకు కంప్యూటర్ చదువు ఇప్పుడు దూరపు మాట కాదు. కానీ మేము చూస్తున్న ఇళ్లలో ఒక అలవాటు కనపడుతోంది. ల్యాప్‌టాప్ కొనడానికి యాభై వేలు ఖర్చు పెట్టడానికి వెనకాడం. అది మొరాయిస్తే మాత్రం ఏం జరిగిందో చూడకుండా దుకాణానికి పంపేస్తాం. దుకాణంలో అంతా చెరిపి మళ్లీ ఎక్కిస్తారు. డబ్బు పోతుంది, ఫైళ్లు పోతాయి, పిల్లవాడికి నేర్చుకునే అవకాశం కూడా పోతుంది.

ఇంకో చిక్కు భాషది. తప్పు సందేశాలు ఇంగ్లిషులో ఉంటాయి. క్యాంపు బడుల్లో తెలుగులోనో కన్నడలోనో చదివి వచ్చిన పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఆ ఎర్ర అక్షరాలు చూడగానే తమకే చేతకాలేదనుకుని భయపడతారు. ఆ సందేశం తిట్టు కాదు, ఏ మెట్టు దగ్గర ఆగిందో చెప్పే కబురు అని వాళ్లకు చెప్పేవాళ్లు కావాలి. కాలువ నీళ్లు చివరి మడికి రాకపోతే మనం పైరును తప్పుపట్టం. గట్టు వెంట నడిచి ఎక్కడ గండి పడిందో, ఎక్కడ తూము మూసుకుపోయిందో చూస్తాం. ఆ విద్య మన ఇళ్లలో డెబ్భై ఏళ్లుగా ఉంది.

అందుకే మా సూచన ఒకటే. ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టండి. కంప్యూటర్ ఆగిన ప్రతిసారీ తేదీ, తెర మీద వచ్చిన సందేశం ఉన్నది ఉన్నట్టు, ఏ మెట్టు దగ్గర ఆగింది, ఏం మారిస్తే నడిచింది, ఈ నాలుగూ తెలుగులో రాయించండి. పెద్ద పిల్లలు రాసింది చిన్న పిల్లలకు పనికి వస్తుంది, పక్కింటి వాళ్లకూ పనికి వస్తుంది. ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు ఏ.ఎస్. రావు నగర్ బోర్డు కనపడితే, ఆ పేరుగల ఆయన మొగల్లు వాడని, ఆగిన యంత్రాన్ని చూసి భయపడని మనిషని పిల్లలకు చెప్పండి.